విదేశీ విద్యార్థులు, కొవిడ్ ముప్పు: ఒక సమీక్ష

కరోనా వైరస్ ఒక జనసమూహంలో ఎక్కువగా, మరొక సమూహంలో తక్కువగా ఎందుకు వ్యాపించింది అన్న ప్రశ్నకు వైద్యశాస్త్రం ఇచ్చే జవాబు సాధారణంగా వయసు, మధుమేహం, ఊబకాయం, ఊపిరితిత్తుల జబ్బుల వంటి శరీర లక్షణాలతో మొదలవుతుంది. సొంత దేశం వదిలి మరో దేశపు విశ్వవిద్యాలయంలో చేరిన విద్యార్థుల విషయంలో ఈ జవాబు ఎక్కువ దూరం తీసుకుపోదు. వారిలో అత్యధికులు యువకులు, ఆరోగ్యవంతులు, కొన్ని దేశాలకైతే వీసా కోసం వైద్య పరీక్షలు కూడా చేయించుకుని వెళ్లినవారు. యునెస్కో లెక్కల ప్రకారం మహమ్మారి మొదలైన 2020 నాటికి ప్రపంచంలో ఇటువంటి విద్యార్థుల సంఖ్య 60 లక్షలు దాటింది. ఇంత పెద్ద సమూహంలో వైరస్ ఎక్కడ, ఎలా సోకింది, ఎవరికి ఎక్కువగా సోకింది అన్న విషయంపై అందుబాటులో ఉన్న ఆధారాలను పరిశీలిస్తే, విద్యార్థి ఏ దేశం నుంచి వచ్చాడన్న దానికంటే, వచ్చాక ఏ గదిలో ఎంతమందితో ఉన్నాడు, ఏ పనికి వెళ్లాడు, పనికి పోలేని నెలలో అద్దె ఎలా కట్టాడు అన్న సంగతులకే ఎక్కువ బరువు ఇవ్వవలసి వస్తుంది. పరిశోధనలో ఎక్కువ భాగం మాత్రం ఈ సంగతులను వదిలి మాస్కు, చేతుల శుభ్రత, విందులకు వెళ్లడం వంటి వ్యక్తిగత అలవాట్ల మీదనే దృష్టి పెట్టింది.

చర్చలోకి వెళ్లేముందు రెండు మాటలకు అర్థం స్థిరపరచుకోవాలి. ఒక లక్షణం ఉన్నవారిలో ఒక జబ్బు, ఆ లక్షణం లేనివారిలో కంటే తరచుగా కనిపిస్తే దాన్ని ముప్పు కారకం అంటారు. అది జబ్బుకు నేరుగా కారణమై ఉండాలన్న నియమం లేదు, అసలు కారణానికి పక్కన నిలబడి కనిపించే గుర్తు మాత్రమే కావచ్చు. అలాగే వైరస్ సోకే ముప్పు వేరు, సోకిన తర్వాత జబ్బు ముదిరే ముప్పు వేరు. రెండోది యువతలో తక్కువ. మొదటిది తక్కువ కాదు, పైగా లక్షణాలు లేకుండానో, స్వల్పంగానో సోకడం వారిలో ఎక్కువ కాబట్టి తమకు సోకిందని తెలియకుండానే ఇతరులకు అంటించే అవకాశం వారికే అధికం. జబ్బు ముదరకపోవడాన్ని నష్టం లేకపోవడంగా భావించడం కూడా పొరపాటే. అమెరికాలోని జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో 2021 జూలై నుంచి 2022 మార్చి వరకు వైరస్ సోకిన 1,338 మంది విద్యార్థులు, ఉద్యోగుల వివరాలు పరిశీలించగా, 36 శాతం మందిలో దీర్ఘకాలిక కొవిడ్‌కు సరిపోలే లక్షణాలు, అంటే తగ్గని అలసట, ఆయాసం, ఏకాగ్రత కుదరకపోవడం వంటివి నమోదయ్యాయి. చదువే జీవనాధారంగా, వీసా గడువు లెక్కలో బతికే విద్యార్థికి ఏకాగ్రత కుదరని ఒక సెమిస్టర్ చిన్న నష్టం కాదు.

మహమ్మారి తొలి రోజుల్లో విదేశీ విద్యార్థి ప్రజల ముందుకు వచ్చింది వైరస్‌ను మోసుకొచ్చేవాడిగానే. భారతదేశంలో తొలి కేసు 2020 జనవరి 30న కేరళలోని త్రిస్సూర్‌లో నిర్ధారణ అయింది. అది వుహాన్‌లో వైద్యవిద్య చదువుతూ సెలవులకు ఇంటికి వచ్చిన విద్యార్థినికి. ఆ తర్వాతి రెండు కేసులు, అలప్పుళ, కాసరగోడ్ జిల్లాల్లో, వుహాన్ నుంచి వచ్చిన విద్యార్థులవే. ఆంధ్రప్రదేశ్‌లో తొలి కేసుగా మార్చి 12న నెల్లూరులో నమోదైనది కూడా ఇటలీ నుంచి తిరిగివచ్చిన విద్యార్థిదే. అయితే కేరళలోని ఆ ముగ్గురి నుంచి వ్యాప్తి ముందుకు సాగలేదు. వారు ఎక్కడి నుంచి వచ్చారో ముందే తెలుసు, ఆరోగ్య శాఖ వారిని వెంటనే గుర్తించింది, ఆసుపత్రిలో విడిగా ఉంచింది, కలిసినవారిని వెతికి పట్టుకుంది. అదే విధంగా ఫిబ్రవరి 1, 2 తేదీల్లో ఎయిర్ ఇండియా రెండు విమానాల్లో వుహాన్ నుంచి తీసుకొచ్చిన 647 మంది భారతీయులను, వారిలో అనేకులు విద్యార్థులు, హర్యానాలోని మానేసర్ సైనిక శిబిరంలోనూ, ఢిల్లీ చావ్లాలోని ఐటీబీపీ కేంద్రంలోనూ క్వారంటైన్‌లో ఉంచారు. క్వారంటైన్ అంటే జబ్బు బయటపడకపోయినా, వైరస్ శరీరంలో పొదిగే కాలం గడిచేవరకు విడిగా ఉంచడం. కొవిడ్ మొదటి రకానికి ఈ కాలం సగటున 5 రోజులు, భద్రత కోసం పెట్టిన గడువు 14 రోజులు. ఆస్ట్రేలియా సైతం 2020 నవంబరు 30న చార్లెస్ డార్విన్ విశ్వవిద్యాలయానికి 63 మంది విదేశీ విద్యార్థులను రప్పించి, హోవర్డ్ స్ప్రింగ్స్ కేంద్రంలో రెండు వారాలు ఉంచి తరగతులకు పంపింది. సరిహద్దు దగ్గర ప్రయాణికుడిని గౌరవంగా నిలిపి, తిండి, పడక, పరీక్ష సమకూర్చినచోట దిగుమతి ముప్పును అదుపులో పెట్టడం సాధ్యమే అయింది.

ఆ ఏర్పాటు లేనిచోట విద్యార్థి పరిస్థితి ఎలా ఉంటుందో 2020 మార్చిలో కౌలాలంపూర్ విమానాశ్రయంలో కనిపించింది. ఫిలిప్పీన్స్‌లో తరగతులు ఆగిపోయి, ఇళ్లకు బయలుదేరిన భారతీయ వైద్య విద్యార్థులు, వారిలో తెలుగువారు చాలామంది, విమానం మారే మధ్యలో ఉండగానే మార్చి 17న మలేషియా, ఫిలిప్పీన్స్, అఫ్గానిస్థాన్‌ల నుంచి వచ్చే ప్రయాణికులను భారత ప్రభుత్వం నిషేధించింది. వెనక్కు పోలేక, ముందుకు రాలేక ట్రాన్సిట్ హాలులోనే వారు చిక్కుకుపోయారు. చివరికి ఢిల్లీకి, విశాఖపట్నానికి ఎయిర్ ఏషియా విమానాలను ప్రత్యేకంగా అనుమతించి వారిని తెచ్చారు. వ్యాప్తిని ఆపడానికి తీసుకున్న నిర్ణయమే వందల మందిని మూసి ఉన్న హాలులో ఒకచోట కుక్కి, వ్యాప్తికి అనువైన స్థితిని కల్పించిందన్నది ఇక్కడ గమనించవలసిన విషయం.

మోసుకొచ్చేవాడన్న ముద్ర కొత్తది కాదు. 2003లో సార్స్ వచ్చినప్పుడు అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం చైనా, తైవాన్, హాంకాంగ్, సింగపూర్‌ల నుంచి వేసవి తరగతులకు రావలసిన విద్యార్థులను రానివ్వబోమని ప్రకటించి, విమర్శలు రావడంతో కొంత సడలించింది. ఇటువంటి నిర్ణయాల వెనుక, వైరస్ ప్రవేశించడమూ వ్యాపించడమూ ఒకటే అన్న భావన ఉంది. వైరస్ జన్యుక్రమాన్ని చదివే పరిశోధన ఈ రెండింటినీ విడదీసి చూపించింది. వైరస్ ఒకరి నుంచి మరొకరికి పాకేటప్పుడు దాని జన్యు అక్షరాల్లో చిన్నచిన్న మార్పులు వస్తాయి. ఆ మార్పులను పోల్చితే ఏ ఇద్దరు రోగుల వైరస్ ఒకే గొలుసుకు చెందినదో చెప్పవచ్చు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో 2020 అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారం వరకు విద్యార్థుల నమూనాలను ఈ పద్ధతిలో పరిశీలించగా, వేలమంది విద్యార్థులు అనేక ప్రాంతాల నుంచి వచ్చి చేరినా, బయటి నుంచి ప్రవేశించి నిలదొక్కుకున్న గొలుసులు కొద్దివే అని, కేసుల్లో అధిక భాగం ఒకే ఒక గొలుసుకు చెందినవని, విశ్వవిద్యాలయం వెలుపల జనం గుమిగూడిన ఒక వేదిక దగ్గర అది రాజుకుని వసతి గృహాల్లోనూ, ఒకే కోర్సు చదివేవారి మధ్యా పాకిందని తేలింది. అంటే ప్రవేశించిన వైరస్‌లలో చాలావరకు అంతటితోనే ఆగిపోయాయి. ఏది పెరుగుతుందో నిర్ణయించింది క్యాంపస్‌లోని నివాసం, కలయికల తీరు.

వసతి గృహం విషయం ఇంకొంత దగ్గరగా చూడదగింది. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం చాపెల్ హిల్ ప్రాంగణంలో 2020 ఆగస్టు 10న ప్రత్యక్ష తరగతులు మొదలయ్యాయి. వారం తిరిగేసరికి విద్యార్థుల పరీక్షల్లో పాజిటివ్ వచ్చిన వాటా 2.8 శాతం నుంచి 13.6 శాతానికి ఎగబాకింది. ఆగస్టు 17న డిగ్రీ తరగతులను ఆన్‌లైన్‌కు మారుస్తున్నట్లు ప్రకటించారు. ఆగస్టు 25 నాటికి అక్కడ 670 కేసులు నిర్ధారణ కాగా, మూడింట ఒక వంతుకు పైగా రోగులు క్యాంపస్ వసతి గృహాల్లో ఉన్నవారే. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం అదే కాలంలో పెద్ద విశ్వవిద్యాలయాలున్న కౌంటీలను పోల్చి చూసినప్పుడు, ప్రత్యక్ష తరగతులు పెట్టిన చోట తరగతులకు ముందు 21 రోజులతో పోలిస్తే తర్వాతి 21 రోజుల్లో కేసుల రేటు 56 శాతం పెరగగా, దూరం నుంచి పాఠాలు చెప్పిన చోట సుమారు 18 శాతం తగ్గింది. ఈ కాలంలో తరగతి గదుల్లో మాస్కులు, దూరం పాటింపు ఉన్నాయి. అవి లేనిది పడకగదిలో, భోజనశాలలో, స్నానాల గదిలో, సాయంత్రపు కలయికల్లో.

ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ మెట్రోపాలిటన్ విశ్వవిద్యాలయంలో 2020 సెప్టెంబరు చివరలో 127 మందికి వైరస్ సోకినట్లు తేలగానే రెండు వసతి సముదాయాల్లోని 1,700 మందిని 14 రోజులపాటు బయటికి రావద్దన్నారు. బ్రిటన్‌లో ఇటువంటి వసతి అనేక చిన్న ఫ్లాట్ల సముదాయం: ఎవరి గది వారిదే అయినా, ఒక వరుసలోని అందరికీ వంటగది ఒక్కటే, కొన్నిచోట్ల స్నానాల గది కూడా ఒక్కటే. ఒక వంటగదిని పంచుకునేవారందరినీ ఒక కుటుంబంగా లెక్కగట్టి, వారిలో ఒకరికి సోకితే మొత్తం ఫ్లాటును మూసివేసేవారు. కాగితం మీద ఈ లెక్క బాగానే ఉంది. కానీ నిజమైన కుటుంబంలో ఒకరు మంచం పడితే మరొకరు గంజి కాచి ఇస్తారు. నాలుగు రోజుల కిందట పరిచయమైన ఆరుగురు పంతొమ్మిదేళ్ల పిల్లలను ఒక ఫ్లాటులో పెట్టి తలుపు వేస్తే, జబ్బుపడినవారికి ఎవరు వండాలి, మందు ఎవరు తేవాలి, ఎవరు ఎప్పుడు వంటగదిలోకి వెళ్లాలి అన్న ప్రతి విషయమూ వారే తేల్చుకోవలసి వచ్చింది. స్థానిక విద్యార్థి తల్లిదండ్రులు కారులో వచ్చి సరుకులు దించి వెళ్లగలిగారు. విదేశీ విద్యార్థికి ఆ దారి లేదు.

ఇంటిలోపలి వ్యాప్తిని కొలవడానికి వాడే కొలమానాన్ని ద్వితీయ సంక్రమణ రేటు అంటారు. ఇంట్లో ఒకరికి సోకినప్పుడు మిగిలినవారిలో నూటికి ఎంతమందికి సోకుతుందో అది చెబుతుంది. 54 పరిశోధనలను, 77 వేలకు పైబడిన వ్యక్తుల వివరాలను కలిపి 2020 చివర్లో వెలువడిన సమీక్షలో ఈ రేటు 16.6 శాతంగా తేలింది. అదే సమీక్షలో, ఒకే గదిలో పడుకునే భార్యాభర్తల మధ్య రేటు 37.8 శాతం కాగా, ఇంట్లోని ఇతరులకు 17.8 శాతమే. ఒమిక్రాన్ రకం వచ్చేసరికి ఇంటిలోపలి సగటే 42.7 శాతానికి చేరింది. పడకగదిని పంచుకోవడం ముప్పును ఎంతగా పెంచుతుందో ఈ అంకెలు చెబుతాయి. విదేశీ విద్యార్థుల నివాసాలకు దీన్ని అన్వయించినప్పుడు చిత్రం స్పష్టమవుతుంది. అమెరికాలో మాస్టర్స్ చదవడానికి వెళ్లే తెలుగు విద్యార్థులలో అత్యధికులు విశ్వవిద్యాలయ వసతిలో కాక బయటి అపార్ట్‌మెంట్లలో ఉంటారు. రెండు పడకగదుల ఇంటిని నలుగురైదుగురు పంచుకోవడం, హాల్లో పరుపు వేసుకుని ఒకరిద్దరు సర్దుకోవడం, వంట వంతులవారీగా చేసుకోవడం, ఒకే కారులో ఇండియన్ స్టోరుకూ క్లాసుకూ వెళ్లడం, కొత్తగా దిగినవారికి ఇల్లు దొరికేదాకా సీనియర్లు తమ గదిలోనే చోటివ్వడం అక్కడి మామూలు జీవితం. అప్పు చేసి చదువుకు వచ్చినవారు అద్దెను తగ్గించుకోవడానికి ఇంతకంటే మేలైన దారి లేదు. సోకినవారు విడి గదిలో, విడి బాత్‌రూమ్ వాడుతూ ఉండాలన్న ఐసొలేషన్ నియమం ఇటువంటి ఇంట్లో అమలు కాదు. సిడ్నీ వంటి నగరాల్లో పరిశోధకులు నమోదు చేసిన మరో పద్ధతి ఇంకా దయనీయమైనది: ఒకే మంచాన్ని పగటి షిఫ్టువారు, రాత్రి షిఫ్టువారు వంతులవారీగా వాడుకోవడం.

ఇక్కడ ఒక్క విషయం న్యాయంగా చెప్పాలి. ఈ కిక్కిరిసిన ఇళ్లే వైరస్‌కు దారిచ్చినట్టుగా, జబ్బుపడినవారిని కాపాడిన ఆసరా కూడా అయ్యాయి. గది తలుపు దగ్గర పళ్లెం పెట్టేవారు, ఆక్సిజన్ శాతం చూసుకోమని ఫోన్ చేసేవారు, ఆసుపత్రికి తీసుకువెళ్లేవారు ఉండడం వల్ల ఎంత మేలు జరిగిందో ఏ సర్వే కొలవలేదు. అందువల్ల సహనివాసాన్ని కేవలం ముప్పు కారకంగా ఒక గడిలో రాసి వదిలేయడం వాస్తవంలో సగాన్ని మాత్రమే చెప్పడం.

గాలి సంగతి తెలియకపోవడం వల్ల జరిగిన నష్టం దీనికి తోడైంది. మాట్లాడినప్పుడు, దగ్గినప్పుడు, చివరికి ఊపిరి వదిలినప్పుడు వెలువడే అతి సన్నని తుంపరలు గాలి కదలని గదిలో గంటల తరబడి తేలుతూ ఉండగలవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ప్రజా సమాచారంలో ఈ సంగతిని స్పష్టంగా ఒప్పుకొన్నది 2021 ఏప్రిల్ చివర్లోనే. అప్పటిదాకా విశ్వవిద్యాలయాలు బల్లలు, తలుపు గొళ్లేలు రసాయనాలతో తుడిపించడం మీద, నేల మీద అడుగుల గుర్తులు అతికించడం మీద పెట్టిన శ్రద్ధలో కొంతైనా కిటికీల మీద, గాలి వడపోత యంత్రాల మీద పెట్టి ఉంటే మేలు జరిగేది. చలి దేశాల్లో హీటింగ్ ఖర్చుకు భయపడి కిటికీలు బిగించుకునే అద్దె ఇళ్ల గురించి ఆ మార్గదర్శకాలు దాదాపుగా ఏమీ చెప్పలేదు.

నివాసం తర్వాత చెప్పుకోవలసింది పని. విద్యార్థి వీసాలు పనిగంటలకు పరిమితి పెడతాయి. అమెరికాలో చదువు సాగుతున్నప్పుడు క్యాంపస్ లోపల వారానికి 20 గంటలు, ఆస్ట్రేలియాలో అప్పట్లో రెండు వారాలకు 40 గంటలు. క్యాంపస్‌లు మూతపడగానే భోజనశాలలు, గ్రంథాలయాలు, ప్రయోగశాలల్లో దొరికే పనులు పోయాయి. ఆస్ట్రేలియా ప్రధాని స్కాట్ మోరిసన్ 2020 ఏప్రిల్ 3న, తమను తాము పోషించుకోలేని తాత్కాలిక వీసాదారులు స్వదేశాలకు వెళ్లిపోవాలని చెప్పారు; ఉద్యోగులకు, నిరుద్యోగులకు ఆ దేశం ఇచ్చిన ప్రత్యేక భృతుల్లో విదేశీ విద్యార్థులకు చోటు లేదు. అదే ప్రభుత్వం వృద్ధాశ్రమాల్లో, సూపర్ మార్కెట్లలో పనిచేసే విద్యార్థులకు గంటల పరిమితిని సడలించింది. వైరస్ ఎక్కువగా తిరిగే చోట్ల పనిచేయడానికి వారు కావాలి, జబ్బుపడి ఇంట్లో ఉంటే ఇచ్చే డబ్బుకు మాత్రం వారు అర్హులు కారు. అమెరికాలోనూ 2020 వసంతంలో విద్యార్థులకు ఉద్దేశించిన అత్యవసర సాయం నుంచి విదేశీయులను మినహాయించి, 2021 మేలో ఆ నిబంధనను మార్చారు. జబ్బు సెలవు లేని పని, రోజు పోతే కూలి పోయే పని చేసేవాడు గొంతు నొప్పిగా ఉన్న ఉదయం పరీక్షకు పోతాడా, పనికి పోతాడా అన్నది అతని అవగాహన మీద ఆధారపడిన ప్రశ్న కాదు.

వీసా భయం కూడా దీనిలో కలిసింది. 2020 జూలై 6న అమెరికా వలస విభాగం, అన్ని తరగతులూ ఆన్‌లైన్‌లోనే జరిగే విద్యార్థులు దేశం విడిచి వెళ్లాలని ఆదేశించింది. హార్వర్డ్, ఎంఐటీ కోర్టుకు వెళ్లగా జూలై 14న ఆ ఆదేశాన్ని ఉపసంహరించుకుంది. ఎనిమిది రోజులే నిలిచినా, వైరస్ ఉద్ధృతంగా ఉన్న వేసవిలో ప్రత్యక్ష తరగతి ఒక్కటైనా ఉంటే తప్ప దేశంలో ఉండలేమన్న ఆందోళనను ఆ ఆదేశం లక్షలమందిలో నింపింది. ఆరోగ్యం కోసం ఇంట్లో ఉండాలా, వీసా కోసం తరగతి గదికి రావాలా అన్న సంకటం స్థానిక విద్యార్థికి ఎదురుకానిది. 2019-20లో అమెరికాలో 10,75,496 మంది విదేశీ విద్యార్థులు ఉండగా మరుసటి ఏడు ఆ సంఖ్య 9,14,095కు పడిపోయింది. భారతీయుల సంఖ్య 1,93,124 నుంచి 1,67,582కు తగ్గింది.

పరీక్షల విషయంలో ఒక మంచి ఉదాహరణ, దాని హద్దు రెండూ ఇలినాయ్ విశ్వవిద్యాలయం అర్బానా-షాంపేన్ ప్రాంగణంలో కనిపిస్తాయి. అక్కడి శాస్త్రవేత్తలు ముక్కులో పుల్ల పెట్టనక్కరలేని లాలాజల పరీక్షను రూపొందించారు: విద్యార్థి చిన్న గొట్టంలో ఉమ్మి ఇస్తే, దాన్ని 95 డిగ్రీల వేడిలో అరగంట ఉంచి, వైరస్ జన్యుపదార్థాన్ని విడదీసే ఖరీదైన మెట్టును దాటవేసి, నేరుగా పీసీఆర్ యంత్రంలో పెడతారు. 2020 శరదృతువులో అందరికీ వారానికి రెండుసార్లు ఉచితంగా ఈ పరీక్ష జరిగింది. లక్షణాలు లేనివారు సైతం దొరికిపోయే ఈ ఏర్పాటు స్థానికుడు, విదేశీయుడు అన్న తేడా లేకుండా, బీమా అడగకుండా అందరినీ కవర్ చేసింది. అయినా సెప్టెంబరు మొదట్లో కేసులు పెరిగాయి. పాజిటివ్ అని తెలిసి కూడా కొందరు విందులకు వెళతారన్న సంగతి విశ్వవిద్యాలయం ముందుగా వేసుకున్న అంచనా గణితంలో లేదు. అలవాట్లకూ పాత్ర ఉందనడానికి ఇది బలమైన సాక్ష్యం, దాన్ని కాదనవలసిన పని లేదు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో 2021 డిసెంబరు 7-13 మధ్య 903 మంది విద్యార్థులకు సోకినప్పుడైతే క్యాంపస్‌లో 97 శాతం మంది టీకా వేసుకున్నవారే. ఒమిక్రాన్ సోకకుండా టీకా ఆపలేకపోయినా, వారిలో జబ్బు తీవ్రమైన దాఖలాలు అప్పటికి లేవు.

టీకా దగ్గర విదేశీ విద్యార్థికి ఎదురైన చిక్కు వేరే రకంది, దీనికి తెలుగు నేలతో నేరుగా సంబంధం ఉంది. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ తయారుచేసిన కొవాగ్జిన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర వినియోగ గుర్తింపు 2021 నవంబరు 3న వచ్చింది. మరో టీకా కొవిషీల్డ్‌కు అదే ఏడాది ఫిబ్రవరిలోనే వచ్చింది. ఆ మధ్యకాలంలో ఆగస్టు తరగతులకు బయలుదేరిన విద్యార్థులలో కొవాగ్జిన్ రెండు డోసులు వేసుకున్నవారిని అనేక అమెరికా విశ్వవిద్యాలయాలు టీకా వేసుకోనివారిగానే లెక్కగట్టి, అక్కడికి చేరాక మరో టీకా వేసుకోమన్నాయి. కొవిషీల్డ్ వేసుకున్నవారికి చిక్కు మరొకటి: రెండు డోసుల మధ్య అప్పటి విరామం 84 రోజులు, విమానం అంతకుముందే ఉంది. కేంద్ర ప్రభుత్వం 2021 జూన్ 7న చదువుకు, ఉద్యోగానికి విదేశాలకు వెళ్లేవారికి 28 రోజుల తర్వాత రెండో డోసు ఇవ్వడానికి, ధ్రువపత్రంలో పాస్‌పోర్టు నంబరు చేర్చడానికి అనుమతించింది. దానికి రెండు రోజుల ముందే తెలంగాణ ఆరోగ్య శాఖ హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో విదేశాలకు వెళ్లే విద్యార్థుల కోసం ప్రత్యేకంగా టీకాలు వేయడం మొదలుపెట్టింది. ఇది చిన్న ఏర్పాటుగా కనిపించవచ్చు. కానీ మొదటి రోజు నుంచే క్యాంపస్‌లో రక్షణతో అడుగుపెట్టడానికీ, దిగిన చోట ఏ టీకా దొరుకుతుందా అని వెతుక్కోవడానికీ మధ్య తేడా అదే.

సరిహద్దులు మూసుకుపోయిన దేశాల సంగతి మరో తీరు. చైనా 2020 మార్చి 28 నుంచి విదేశీయుల ప్రవేశాన్ని నిలిపివేయగా, ఇంటికి వచ్చిన సుమారు 23 వేల మంది భారతీయ విద్యార్థులు, ఎక్కువమంది వైద్య విద్యార్థులే, 2022 ఆగస్టులో వీసాలు తిరిగి మొదలయ్యేదాకా తెర మీద పాఠాలతో గడిపారు. వారికి సోకే ముప్పు క్యాంపస్‌ది కాదు, సొంత ఊరిదే. విదేశీ విద్యార్థుల్లో సంక్రమణను లెక్కించే సర్వేల్లో ఇటువంటివారిని ఏ దేశపు లెక్కలో వేయాలన్నది తేలని సమస్య.

సర్వేల గురించి కొంత వివరంగానే చెప్పాలి. ఈ విషయంపై వచ్చిన పరిశోధనల్లో చాలా భాగం ఒకే సమయంలో, ఆన్‌లైన్ ప్రశ్నావళి ద్వారా, విద్యార్థులు తమ గురించి తాము చెప్పిన సమాచారం మీద ఆధారపడినవి. వీటి బలహీనతలు మూడు చోట్ల బయటపడతాయి. సోకిందా అన్న ప్రశ్నకు జవాబు పరీక్ష చేయించుకున్నవారి నుంచే వస్తుంది. పరీక్ష ఉచితంగా, తరచుగా జరిగే క్యాంపస్‌లో కేసులు ఎక్కువగా, పరీక్షకు డబ్బో భయమో అడ్డున్న చోట తక్కువగా కనిపిస్తాయి, కాబట్టి కేసుల సంఖ్య వైరస్‌తో పాటు పరీక్షల అందుబాటును కూడా కొలుస్తుంది. రక్తంలో ప్రతిరక్షకాలను చూసే సీరం సర్వేలు ఈ లోపాన్ని కొంత సరిచేయగలవు, కానీ టీకాలు వచ్చాక వాటిని చదవడం కష్టమైంది. మాస్కు పెట్టుకున్నారా, విందులకు వెళ్లారా అన్న ప్రశ్నలకు మంచి జవాబు ఏదో అందరికీ తెలుసు కాబట్టి చెప్పేదానికీ చేసేదానికీ తేడా ఉంటుంది. పైగా జబ్బు వచ్చాక అలవాట్లు మారతాయి కాబట్టి ఏది ముందు, ఏది వెనుక అన్నది ఒకేసారి జరిపే సర్వే చెప్పలేదు. అన్నిటికంటే పెద్ద లోపం కలగాపులగం చేసే అంశాలది. విదేశీయుల్లో కేసులు ఎక్కువని లెక్క తేలిందనుకుందాం. వారిలో ఎక్కువమంది ఇరుకు ఇళ్లలో ఉండి, బయటి పనులు చేస్తూ ఉంటే, ఆ అంకె పాస్‌పోర్టు గురించి చెప్పేది ఏమీ లేదు, గది గురించీ పని గురించీ చెబుతుంది. వాటిని లెక్కలో విడిగా చేర్చి తూచని పరిశోధన, జాతీయతను ముప్పు కారకంగా ప్రకటించి ఊరుకుంటే, అది శాస్త్రపరంగా తప్పే కాక మనుషులకు హాని కూడా చేస్తుంది.

ఆ హాని ఊహ కాదు. 2020 ఫిబ్రవరిలో లండన్ ఆక్స్‌ఫర్డ్ వీధిలో సింగపూర్‌కు చెందిన ఒక విద్యార్థిని కరోనా పేరెత్తి కొట్టి గాయపరిచారు. తూర్పు ఆసియా ముఖకవళికలున్న విద్యార్థులు అనేక దేశాల్లో వేధింపులకు గురైనట్లు నమోదైంది. అనుమానపు చూపుల మధ్య బతికేవారు దగ్గు వచ్చిందని చెప్పడానికి, క్లినిక్‌కు వెళ్లడానికి జంకుతారు. అందువల్ల వివక్ష మనసును గాయపరచడంతో ఆగక, వ్యాధి నియంత్రణకు కూడా అడ్డు అవుతుంది. వైద్య ఖర్చు భయం దానికి తోడైతే సంకోచం ఇంకా పెరుగుతుంది. బ్రిటన్ 2020 జనవరి చివర్లోనే కొవిడ్ పరీక్ష, చికిత్సలకు విదేశీయుల నుంచి రుసుము తీసుకోరాదని నిర్ణయించడం ఈ దృష్టితో చూస్తే మంచి ముందుచూపు. మరోవైపు అదే దేశం 2021 ఏప్రిల్ 23న భారత్‌ను ప్రయాణ ఆంక్షల ఎర్ర జాబితాలో చేర్చాక, ఒంటరిగా వచ్చిన ప్రతి ఒక్కరూ హోటల్ క్వారంటైన్‌కు 1,750 పౌండ్లు కట్టవలసి వచ్చింది. కొన్ని విశ్వవిద్యాలయాలు ఆ భారాన్ని తాము మోశాయి, మిగిలినచోట అది విద్యారుణానికి కలిసింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న అంతర్జాతీయ అత్యవసర స్థితిని ఎత్తివేసింది. 2023-24లో అమెరికాలో భారతీయ విద్యార్థులు 3,31,602కు చేరి, చైనా విద్యార్థులను మించారు. వారిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వాటా గణనీయం. అంటే మహమ్మారి నాటికంటే ఎక్కువమంది, అవే అపార్ట్‌మెంట్లలో, అవే పనుల్లో ఉన్నారు. మళ్లీ ఒక శ్వాసకోశ వైరస్ వస్తే దానికి దొరికేవి ఆ గదులే. అందుచేత పరిశోధకులు తమ ప్రశ్నావళుల్లో ఏ దేశం అన్న గడి పక్కన, గదిలో ఎంతమంది పడుకుంటారు, కిటికీ తెరుచుకుంటుందా, జబ్బు సెలవుకు జీతం వస్తుందా, జబ్బుపడితే విడిగా ఉండడానికి విశ్వవిద్యాలయం గది ఇస్తుందా అన్న ప్రశ్నలను తప్పనిసరిగా చేర్చాలి. పిల్లలను పంపే తల్లిదండ్రులు, అడ్మిషన్లు చూసిపెట్టే కన్సల్టెన్సీలు ర్యాంకు, ఫీజు, ఉద్యోగావకాశాలు విచారించేటప్పుడే ఈ నాలుగు ప్రశ్నలూ విశ్వవిద్యాలయాన్ని రాతపూర్వకంగా అడగాలి, జవాబు వచ్చాకే డబ్బు కట్టాలి.